రెండు ఊపిరుల మాట

“ఎలా ఉంది నాన్నా?” మెట్ల కిందినుంచి అడిగింది పద్మిని.

“గ్రాండ్!” అన్నాడు పైనుంచి రామమోహన్.

ఐర్లండ్ వచ్చాక ఆయనకు తెగ నచ్చిన మాట అది. టీ బాగున్నా గ్రాండే, బయట వాన పడుతున్నా గ్రాండే.

కూతురి దగ్గర రెండు నెలలుండి పోదామని బాలింకాలిగ్ అనే ఊరికి వచ్చాడు. ఇంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటొద్దని ప్రభుత్వం చెప్పింది. నిన్నటినుంచి ఒంట్లో నలతగా ఉండి ఆయన గది కూడా దాటడం లేదు.

పక్క గదిలో కళాధర్ అద్దెకుంటున్నాడు. హనుమకొండ మనిషి, నలభైకి దగ్గరపడ్డవాడు. గాయకుల చేత పాడించి, రికార్డు చేసి, సరిదిద్ది పాటను తయారుచేసే మ్యూజిక్ ప్రొడ్యూసర్. లాక్‌డౌన్‌తో స్టూడియోలు మూతపడ్డాయి. అప్పటినుంచి ఆన్‌లైన్‌లో పోకర్ టోర్నమెంట్లు ఆడుతున్నాడు. నెల తిరక్కుండా మూడు గెలిచాడు.

ఎన్ని గెలిస్తేనేం, పద్మిని భర్త కిశోర్‌కు అది పేకాటే. కిశోర్ మందుల కంపెనీలో ఇంజినీరు. పద్మినిదీ అక్కడే ఉద్యోగం, లాక్‌డౌన్‌లోనూ ఇద్దరికీ డ్యూటీ తప్పలేదు.

“ఇంట్లో పేకాటరాయుణ్ణి పెట్టుకున్నాం,” అనేవాడు, కళాధర్‌కు వినబడేలాగే.

రామమోహన్‌కు మాత్రం అతనంటే ముచ్చట.

“పాటలవాడివి, పేకాటెలా గెలుస్తున్నావయ్యా?” అని ఒకసారి అడిగాడు.

“పాటల ఊపిరి పీల్చిన చప్పుడు ఎక్కడుందో పట్టుకొని తీసేసుడే నా పని అంకుల్. పోకర్ల గూడ గంతే. మనిషి కనవడడు గానీ, ఎక్కడ ఆగుతున్నడో తెలుస్తది. ఆగిన కాడ్నే అబద్ధం ఉంటది.”

“మరి ఆట మధ్యలో లేచి వెళితే?”

“ఆట మనకోసం ఆగది అంకుల్. మనం లేకున్నా మన పందెం బిళ్ళలు పోతనే ఉంటయి.”

“నా విమానం టికెట్టులా అన్నమాట!” పెద్దగా నవ్వాడు రామమోహన్.

ఆ బుధవారం పొద్దున వంటింట్లో కళాధర్ ముఖం వెలిగిపోతోంది.

“ఇయాల పెద్ద ఫైనల్ ఉందన్నా. తొమ్మిదిమందిమి మిగిలినం. అందరికంటె నేనే ముందున్న. గెలిస్తే సొంత స్టూడియో పెట్టుకుంట.”

కిశోర్ లంచ్ బాక్సు సర్దుకుంటూ తలెత్తలేదు.

“ఇంకోటన్నా. అంకుల్ నిన్న ‘గ్రాండ్’ అని ఒక్క ఊపిరిల అన్నరు. ఇయాల రెండు ఊపిరులు వట్టింది. ఒకసారి డాక్టరుకు చూపియ్యరాదు?”

“ఆయనకి జలుబు చేసిందయ్యా. నువ్వేమన్నా డాక్టరువా?”

పద్మిని ఎందుకైనా మంచిదని జీపీకి, అంటే తమ ఫ్యామిలీ డాక్టరుకు, మెసేజ్ పెట్టింది. ఇద్దరూ డ్యూటీకి వెళ్ళిపోయారు.

సాయంత్రం నాలుగింటికి హాస్పిటల్ నుంచి పద్మినికి ఫోన్ వచ్చింది. నాన్నను అంబులెన్సులో తీసుకొచ్చారట. కరోనాయే. పరిస్థితి బాగాలేదు. చూడటానికి ఎవరూ రాకూడదు.

జీపీయే అంబులెన్సు పంపి ఉంటాడనుకున్నారు ఇద్దరూ. పరుగున ఇంటికొచ్చారు.

ఎదురింటి మేరీ తన గేటు దగ్గరే నిలబడి చెప్పింది.

“అంబులెన్సు వచ్చేదాకా మీ కళాధర్ పాపం మేడమీద కిటికీ దగ్గరే కూర్చున్నాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.”

ఆ పాపం అన్న మాట కిశోర్ చెవికెక్కలేదు. హెడ్‌ఫోన్స్ అన్నది మాత్రం ఎక్కింది.

గబగబా మెట్లెక్కాడు. మామగారి గది తలుపు దగ్గర కళాధర్ మైకు నేలమీద పడి ఉంది. దాన్ని కాలితో పక్కకు తోశాడు. పక్క గదిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో కళాధర్ పేరు పక్కన ఆరో స్థానం అని కనబడింది.

“ఆయన ఊపిరాడక కొట్టుకుంటుంటే నువ్వు చెవులు మూసుకుని పేకాడుతున్నావా? నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయావా?”

“ఫోన్ ఖాళీ లేకుండె అన్నా...”

“ఫోన్ ఖాళీ లేదా, చెయ్యి ఖాళీ లేదా? పోనీ, ఆ ఆటన్నా సరిగ్గా ఆడి ఏడ్చావా? అందరికంటే ముందున్నవాడివి ఆరోవాడివయ్యావు!”

“అంకుల్‌కెట్లుంది?”

“నీకనవసరం. లీజూ లేదు, పాడూ లేదు. రేపొద్దుటికల్లా గది ఖాళీ చెయ్యి.”

కళాధర్ ఏదో చెప్పబోయాడు. మెట్లమీద కూర్చుని ఏడుస్తున్న పద్మినిని చూసి ఊరుకున్నాడు.

మర్నాడు మైకూ లాప్‌టాపూ సంచిలో సర్దుకుని వానలోనే బస్సెక్కాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజు హాస్పిటల్ నుంచి డాక్టర్ జ్ఞానేశ్వరి ఫోన్ చేసింది. ఆవిడా తెలుగావిడే. పద్మిని స్పీకర్ పెట్టింది.

“మీ నాన్నగారు గండం గట్టెక్కారమ్మా. ఇవాళ ఆక్సిజన్ తీసేశాం. ఎలా ఉందండీ అంటే గ్రాండ్ అంటున్నారు.”

పద్మినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“ఆ రోజు మా జీపీ అంబులెన్సు పంపించబట్టి బతికారండీ.”

“జీపీ కాదమ్మా, ఫోన్ మీ ఇంట్లోంచే వెళ్ళింది. అంబులెన్సు ఖాళీ లేక నలభై నిమిషాలు పట్టింది. కరోనా కావచ్చు, గదిలోకి వెళ్ళొద్దని అంబులెన్సువాళ్ళు ఫోన్‌లో చెప్పారట. ఫోన్ చేసినతను తలుపు దగ్గర మైకు పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, నిమిషానికి ఎన్ని ఊపిరులో ఫోన్‌లో వాళ్ళకు చెబుతూనే ఉన్నాడట. ఉన్నట్టుండి లెక్క మారిందని చెప్పబట్టే వేరే చోటికి వెళుతున్న అంబులెన్సును మీ ఇంటికి మళ్ళించారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు. అంబులెన్సువాళ్ళిచ్చిన కాగితంలో అంతా రాసుంది. ఇంతకీ ఎవరమ్మా అతను, డాక్టరా?”

పద్మిని భర్త ముఖంలోకి చూసింది.

కిశోర్‌కు తను కాలితో తోసిన మైకు గుర్తొచ్చింది. ఆరో స్థానం గుర్తొచ్చింది. ఆ నలభై నిమిషాలూ కళాధర్ ఆట దగ్గర లేనేలేడు. కిశోర్ ఫోన్ దగ్గరకు జరిగాడు.

“కాదండీ,” అన్నాడు. “మేము ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి.”