లీలక్క చోటు

"ఏ బండి రావద్దు. ఇగ గిది నడిచేటోళ్ళ గల్లీ," అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు సెక్యూరిటీ గార్డు.

"నా దగ్గర బండి ఏడున్నదన్నా? పిండి బకెట్లే కద," అంది లీలాకుమారి. మైత్రీవనం వెనక ఈ గల్లీలో దోశలు తిన్నవాళ్ళందరికీ ఆమె లీలక్క. గార్డు కొత్తవాడు, పాపం అతనికేం తెలుసు.

"పిండి ఎందుకు?"

"దోశలకు. అగో, గా ముసుగేసి ఉన్నది చూడు, అది నా కొత్త బండి. ఇయ్యాల తెరుస్తరు."

గార్డు వెనక్కి తిరిగి చూశాడు. లీలక్క ఇదివరకు దోశలు వేసిన చోటే, నీలం గుడ్డ కప్పి మనిషెత్తున ఏదో ఉంది. దాని ముందు కుర్చీలు, మైకు, కొందరు పెద్దమనుషులు.

"నీకెవరు చెప్పిండ్రు?"

"రాగసుధ మేడమ్. గీ గల్లీకి నక్షా గీసింది ఆమెనే. నా పాత బండి పొడవు, వెడల్పు కొలుచుకున్నది. నా ఎత్తు సుత కొలిచింది. అట్లకాడ పట్టుకొని నిలబడమని ఫొటోలు తీసింది. ఎత్తు కుదరకుంటె నడుము నొస్తది కదన్నా, గందుకే."

గార్డుకు ఆ మాట సబబుగానే తోచింది. దారి వదిలాడు.

గల్లీ గుర్తుపట్టేలా లేదు. స్కూటర్లు లేవు, బురద లేదు. నున్నటి రాళ్ళు, కూర్చోడానికి బల్లలు, కుండీల్లో మొక్కలు. జిరాక్సు షాపు పోయి అద్దాల కాఫీ షాపు వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. పొద్దున్నే ప్లేటు చేత్తో పట్టుకుని క్లాసుకు పరుగెత్తే పిల్లలు ఒక్కరూ కనబడలేదు. బాగుంది, కాదనలేం. కానీ లీలక్కకు ఎవరో గొప్పవాళ్ళింట్లో నడుస్తున్నంత బెరుగ్గా ఉంది.

పిల్లలు లేకపోతే కాఫీ షాపు వాళ్ళే తింటారులే అనుకుంది. గల్లీ తవ్వినప్పటి నుంచి వేరే గల్లీలో ఎవరి హాస్టల్లోనో ఎంగిలి కంచాలు కడిగింది. కొత్త బండి వస్తుందన్న ధైర్యంతో పాతదాన్ని తుక్కు కింద అమ్మేసింది. నిన్ననే ఆ కంచాల పనికీ దణ్ణం పెట్టి వచ్చేసింది. ప్రభువా, నా చోటు నాకే ఉంచావు అనుకుంటూ ముందుకు నడిచింది.

రాగసుధ ఆమెను చూసి ఎదురొచ్చింది. "లీల గారూ, సరిగ్గా టైముకి వచ్చారు. మీరు లేకపోతే ఈ వీధికి కళేముందండీ? మీ చోటు మీకే ఉంటుందన్నానా, లేదా?"

"మీ పేరు చెప్పుకొని బతుకుత మేడమ్. మరి గ్యాసు నేనే తెచ్చుకోవాలెనా?"

"గ్యాసు ఏంటండీ?" అంది రాగసుధ. అంతలో మైకులో ఆమెను పిలిచారు. వెళ్ళిపోయింది.

ఒక పెద్దాయన తాడు లాగాడు. గుడ్డ జారింది.

నల్లటి ఇనుప బండి. ఇనుప పెనం మీద ఇనుప దోశ. దాని వెనక కొంగు నడుముకు దోపుకుని, అట్లకాడ ఎత్తి పట్టుకుని, నవ్వుతూ నిలబడ్డ ఇనుప మనిషి. ఆ ముక్కు, ఆ కొప్పు, మెడలో ఆ చిన్న సిలువ, అన్నీ తనవే. కింద రాతి మీద పెద్ద అక్షరాలతో 'లీలక్క' అని పేరు కూడా చెక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు.

లీలక్క బకెట్లు దించలేదు. ఎక్కడ దించాలో తెలియలేదు. బతుకు తెల్లారిపోయిందని తెలుస్తూనే ఉంది, ఏడుపు మాత్రం రాలేదు. ఆ బొమ్మ పక్కనే అలా నిలబడిపోయింది. జనం ఫోన్లు పట్టుకుని ముందుకు తోసుకొచ్చారు.

గార్డు పరుగెత్తుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "జర పక్కకు జరుగమ్మా. అందరు లీలక్కతోని ఫొటో దిగుతుండ్రు."