ఆఖరి వంతు

కాక్‌పిట్ వెనకున్న ఇరుకు పడకలో ఆమెకు కంటిమీద కునుకు పడితే ఒట్టు.

దిగే వేళ దగ్గరపడగానే లేచి జుట్టు ముడేసుకుంది. కుడి సీటులోని పైలట్‌ని విశ్రాంతికి పంపి, తాను కూర్చుంది.

ఎడమ సీటులో కెప్టెన్ జేబురుమాలుతో ఎదుటి అద్దం తుడుస్తున్నాడు. పొద్దున్నుంచి అది ఎన్నోసారో!

ఆయన్ని ఆమె చూడటం ఇదే మొదలు. పెద్ద విమానాల్లో అంతే. ఈసారి కలిసి ఎగిరినవాళ్లు మళ్లీ కనబడతారన్న నమ్మకం లేదు.

"ఇంకాస్త తుడిస్తే ఆ అద్దం అరిగిపోతుంది సార్!"

ఆయన నవ్వాడు. "చిన్న విమానాలు ఎందుకు వదిలేశావమ్మా?"

"సముద్రాలు దాటాలని సార్! అక్కడ బస్సు నడిపినట్టే. ఎక్కించు, దించు, మళ్లీ ఎక్కించు."

"రోజూ ఇంటికెళ్లి పడుకునేదానివి కదా?"

"ఇప్పుడూ పడుకుంటున్నా, ఊరంతా లేచాక! మా అమ్మ నన్ను గుడ్లగూబా అని పిలుస్తోంది."

ఆయన పకపకా నవ్వాడు. ఆమె గొంతు మాత్రం తగ్గింది.

"ఒకటే బాధ సార్. అక్కడ రోజూ చేతినిండా ల్యాండింగులే. ఇక్కడ పైలట్లం నలుగురం, ల్యాండింగ్ ఒక్కటి. నా వంతు రానేలేదు. ఇవాళ కూడా దింపకపోతే రూలు ప్రకారం నన్ను ఎగరనివ్వరు. మళ్లీ సిమ్యులేటర్, మళ్లీ పరీక్ష."

ఇవాళ దింపే వంతు కెప్టెన్‌ది. బయలుదేరకముందే అనుకున్న మాట అది.

ఆయన కాసేపు బయటికి చూశాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, నువ్వే దింపు."

ఆమె గుండె గంతులేసింది. ముసలాయనకి బద్ధకం, నాకు అదృష్టం అనుకుంది.

మబ్బులు విడిపోయాయి. రన్‌వే కనబడింది. పక్కగాలి ఒక్క తోపు తోసింది.

"కంగారొద్దు. నీ చేతికి తెలుసు," అన్నాడాయన.

చక్రాలు నేలను తాకాయి. తాకినట్టే తెలియలేదు.

విమానం ఆగాక ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "చూశారా సార్! ఎలా దింపానో చూశారా!"

"చూశానమ్మా. చాలా బాగుంది."

ఆ సంతోషం పట్టలేక తలుపు దగ్గర నిలబడి, దిగే ప్రతివాళ్లకీ నవ్వుతూ వీడ్కోలు చెప్పింది. అందరూ దిగారు. నెరిసిన జుట్టావిడ ఒక్కరే ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"నేను కెప్టెన్ గారి భార్యనమ్మా. ఎంత మెత్తగా దింపారో చూశావా! ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ దింపలేదు."

'దింపింది నేనే' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది.

ఆవిడ గొంతు తగ్గించి అన్నారు. "ఎవరికీ చెప్పొద్దన్నారుగానీ, ఇవాళ్టితో ఆయన రిటైరు. ఆ ఆఖరి ల్యాండింగ్ చూద్దామనే పనిగట్టుకుని ఈ విమానం ఎక్కాను."