వెలగకూడని ప్లేటు

“మళ్లీ వెలిగింది!” అన్నాడు సీనియర్, ముందే తెలుసన్నట్టు.

తెర మీద, కణాలు పోసిన ప్లేటులోని చిన్న గుంటలన్నీ పచ్చగా మెరిసిపోతున్నాయి. ఇంకొకరైతే సంబరపడేవారు. ఆమెకు కావలసింది మాత్రం చీకటి. అందుకే ల్యాబులో అందరూ ఆమెను చీకటమ్మ అని ఆటపట్టిస్తారు.

కణం పైపొరలో రిసెప్టర్ అనే ప్రొటీను ఒకటుంటుంది. నొప్పికి అదే తలుపు. మిరపఘాటు తగిలితే ఆ తలుపు తెరుచుకుంటుంది, ల్యాబులో పెంచిన కణం పచ్చగా వెలుగుతుంది. ముందు మందు పోసి, ఆ తర్వాత ఘాటు పోసినా వెలగలేదంటే తలుపు మూతపడినట్టే. కీళ్ల నొప్పులకు మందు దొరికినట్టే. ఆమె ఒక్కతే చేసిన తొమ్మిదిసార్లూ ప్లేటు చీకటిగానే ఉంది. సీనియర్ వచ్చి పక్కన నిలబడ్డాక మాత్రం నిన్నోసారి, ఇవాళోసారి దీపాలు పెట్టినట్టు వెలిగింది.

“మూడింటికి మీటింగు. ఈ మందును జాబితాలోంచి కొట్టేయమని చెప్తాను.”

“ఇంకొక్కసారి చేస్తాను సార్.”

“తొమ్మిదిసార్లు రాని వెలుగు నేనొస్తేనే వస్తోందంటే ఏమనుకోవాలమ్మా? ఆ తొమ్మిదీ నిజంగా చేశారా, కూర్చుని రాశారా?”

ఆ మాట ఆమెకు చివుక్కుమనిపించింది. మందు పోతే పోయింది, దొంగ ఫలితాలు రాసిందన్న పేరు మిగిలితే ఇక ఏ ల్యాబులో తలెత్తుకుని తిరుగుతుంది?

“నేను చేసే ప్రతి పనీ రాసుకోండి సార్” అని కొత్త ప్లేటు తీసింది. అవే కణాలు, అదే మందు, అవే నీళ్లు. ఏ చేత్తో మూత తీసిందో కూడా సీనియర్ రాసుకున్నాడు. మందు పోయడం పూర్తయ్యేసరికి పదకొండయింది.

అప్పుడే అద్దం తలుపు అవతల, అరలో పెట్టిన ఆమె ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

“నిన్న కూడా ఇదే గోల” అని విసుక్కున్నాడు సీనియర్.

“మా అత్తగారు సార్. నిన్న కూడా ఎత్తలేదు. ఏమైందో ఏమో!” మూడోసారి మోగగానే చేతి తొడుగులు లాగి పడేసి బయటికి పరిగెత్తింది.

అత్తగారి గొంతు నిక్షేపంగా ఉంది. “నిన్నట్నుంచీ ఎత్తవేమే? అక్కడ కొంపలేమైనా మునుగుతున్నాయా?”

“మునిగేలాగే ఉన్నాయత్తయ్యా.”

“తర్వాత మునుగుదువుగానిలే. ముందు ఇది విను.”

పక్కవాటాలో పిల్లి లిఫ్టెక్కి ఎవరింటికో వెళ్లి మంచమెక్కి పడుకున్న వైనం మొదలైంది. అత్తగారు మధ్యమధ్య రొప్పుతోంది, మళ్లీ అందుకుంటోంది. పెట్టేస్తానని చెప్పడానికి కోడలికి మనసొప్పలేదు, ఊఁ కొడుతూ నిలబడింది. చివరికి, ఎప్పటిలాగే కథ మంచి పట్టులో ఉండగా, “హమ్మయ్య! ఉంటానే” అని అత్తగారే పెట్టేసింది.

“ఇంతసేపు నిలవున్నది ఇంకేం పనికొస్తుంది? పారేయండి” అన్నాడు సీనియర్, ఆమె లోపలికి రాగానే.

“మందు పోసేశాం కదా సార్, చూసేద్దాం.”

ఆశ లేకుండానే ఘాటు పోసి మెషీన్లో పెట్టింది.

మందు పోసిన గుంటలన్నీ నల్లగా ఉన్నాయి. సీనియర్ తెర మీద వేలితో కొట్టి చూశాడు. మందు పోయని గుంటలు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి, కాబట్టి మెషీన్ తప్పేమీ లేదు.

“ఏం మార్చారు?”

“ఏమీ మార్చలేదు సార్. ఫోన్ మాట్లాడానంతే.”

ఇద్దరూ ఒకేసారి అద్దం తలుపు వైపు చూశారు. మరుక్షణం ఆమె ఫోనులో పాత కాల్స్ చదువుతోంది, సీనియర్ ఆమె నోటుబుక్కు తిరగేస్తున్నాడు. చీకటి వచ్చిన తొమ్మిది రోజులూ పదకొండింటికి అత్తగారి ఫోన్ ఉంది. నిన్న ఎత్తలేదు. ఇవాళ మొదటి ప్లేటును ఫోను రాకముందే, పదింటికే చేసేశారు.

“కణం పైపొర నూనెపొర లాంటిది కదమ్మా!” సీనియర్ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది. “ఈ మందు అందులోంచి మెల్లగా దూరి తలుపు దగ్గరికి చేరాలి. మనమేమో రెండు నిమిషాలకే ఘాటు పోసేస్తున్నాం. మీరు మాత్రం ఫోన్ పుణ్యమా అని... ఎంతసేపు మాట్లాడేవారు?”

“ఇరవై నిమిషాలు... ఇరవై... పంతొమ్మిది... ఇరవై ఒకటి... ఇరవై.”

“ఆవిడేం, గడియారం పెట్టుకుని మాట్లాడతారా?” అని నవ్వి, ఆ నవ్వు ఆపి, “ఇందాక అన్నమాట తప్పమ్మా. మనసులో పెట్టుకోకండి” అన్నాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడింటి మీటింగులో మందు జాబితాలోనే ఉండిపోయింది.

సాయంత్రం ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా అత్తగారి కుర్చీ పక్కన చతికిలబడింది. “అత్తయ్యా, నిజం చెప్పండి. రోజూ సరిగ్గా పదకొండింటికి చేసి, సరిగ్గా ఇరవై నిమిషాలకు కథ మధ్యలో ఎందుకు పెట్టేస్తారు?”

అత్తగారు దొరికిపోయినట్టు నవ్వి, చీర మీంచే మోకాళ్లు నిమురుకుంది.

“డాక్టరు వీటికి చెప్పిన వ్యాయామం ఇరవై నిమిషాలే అమ్మాయ్. నువ్వు ఊఁ కొడుతుంటే నొప్పి తెలియదు.”