పక్క సీటు బెల్టు

అన్నయ్య పోతూ నాకు విడిచిన పాత స్పోర్ట్స్ సెడాన్ కారుకు పదేళ్ళలో బ్రేకులు, స్ప్రింగులు, గేర్‌బాక్సు ఒక్కొక్కటే మార్చాను. ఇంజిన్ జోలికి మాత్రం పోలేదు. "దాన్ని నువ్వు విప్పావంటే మళ్ళీ ఈ బండెక్కను రా" అని ఆయన బతికుండగా నవ్వుతూ అన్న మాట అడ్డుపడేది.

ఈ రాత్రి షెడ్డులో దాన్నీ విప్పి, కొత్త పిస్టన్లు బిగించాను.

"మీ ముద్దుల బండి పలికిందా, అలిగిందా?" మా ఆవిడ ఇంటి కిటికీలోంచి అడిగింది.

"పలుకుతుంది. నువ్వు పడుకో."

తాళం తిప్పగానే ఇంజిన్ శ్రుతి తప్పని తంబురలా మ్రోగింది. ఆపాను. వేడి లోహం టిక్కుటిక్కుమంటూ చల్లారింది. షెడ్డంతా నిశ్శబ్దం.

"ఎక్కుతావా అన్నయ్యా?" అన్నాను, ఊరికే.

పక్క తలుపు తెరుచుకోలేదు. ఖాళీ సీటు మాత్రం మెల్లగా కిర్రుమంది. ఆపై ఎవరో పెట్టుకున్నట్టు బెల్టు టక్కుమని బిగుసుకుంది.

నేనటు చూడలేదు. తృప్తిగా మళ్ళీ తాళం తిప్పాను.