ఇరవయ్యో పేరు

"టీసీ ఇచ్చేయండి సారూ. మా అమ్మాయిని మానిపించేస్తున్నా."

వచ్చీ రాగానే బాంబు పేల్చాడు దర్జీ.

ఆ సర్కారు బడికి ఉన్నది ఒకే ఒక్క మాస్టారు. చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు. నేల మీద కూర్చున్న పిల్లలంతా తలలెత్తారు. దర్జీ కూతురు మాత్రం తల దించుకుంది.

"ఎక్కడ వేస్తున్నారు?"

"ఇంకెక్కడ, మెయిన్ రోడ్డు మీది ప్రైవేటు స్కూల్లో. ఆరేళ్ళుగా వాళ్ళ యూనిఫాంలు కుడుతున్నా. అందరి పిల్లలకీ కొలతలు తీసీ తీసీ చేతులు పడిపోయాయి. నా కూతురికి ఒక్క జత కుట్టుకోవద్దా?"

పాపం, కుట్టేశాడు కూడా. టై, బెల్టుతో సహా ఇంట్లో మేకుకు వేలాడుతోంది.

"మొన్నటిదాకా అక్షరాలు తిరగేసి రాసేది. ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. ఈ ఒక్క ఏడాదీ ఉంచండి. పైగా తనతో కలిపి ఇరవై మంది. ఒక్కరు తగ్గినా బడి ఎత్తేస్తారు."

దర్జీకి ఒళ్ళు మండింది.

"అలా చెప్పండి! మీ ఉద్యోగం నిలబడటానికి నా కూతురు కావాలా? మీ పిల్లల్ని ఏ కాన్వెంటులో వేశారో ముందు చెప్పండి!"

మాస్టారు నోరు తెరిచారు. పిల్లల వైపు చూసి, మళ్ళీ మూసుకున్నారు.

"చెప్పలేరు! మీ పిల్లలకేమో పెద్ద స్కూళ్ళు, మీ పాఠాలేమో మా పిల్లలకు!"

మాస్టారు టీసీ రాసిచ్చారు. దర్జీ గెలిచాననుకున్నాడు.

కొత్త స్కూల్లో పేజీలకు పేజీలు బట్టీ పట్టమన్నారు. తప్పు చదివితే క్లాసంతా నవ్వింది. మూడు నెలలకే పిల్ల నోరు విప్పడం మానేసింది. నాలుగో నెలలో ప్రిన్సిపాల్ పిలిపించింది.

"మీ పాపను మేం లాక్కురాలేం. మా రిజల్టు దెబ్బతింటుంది. పాత బళ్ళోనే వేసుకోండి."

దర్జీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ వినలేదు.

అట్నుంచి అటే కూతుర్ని తీసుకుని పాత బడికి పోతే, తలుపుకు తాళం. కిటికీలోంచి సిమెంటు బస్తాలు కనిపించాయి. బడి ఎత్తేసి రెండు నెలలైందని, మాస్టారిని ఎక్కడికో దూరం బదిలీ చేశారని పక్కింటావిడ చెప్పింది. నడిచే దూరంలో ఇంకో సర్కారు బడి లేదు.

దర్జీ మెట్ల మీద కూలబడ్డాడు. ఇక పిల్లను ఎక్కడ వెయ్యాలి?

కూతురు ఊచలు పట్టుకుని ఏడుస్తోంది.

"సారు కోసమా తల్లీ?"

"నా పక్కన కూర్చునే పిల్ల కోసం."

"దాన్ని ఎక్కడ వేశారో కనుక్కుందాంలే. ఎవరమ్మాయి?"

"సారు వాళ్ళమ్మాయే. బళ్ళో నాన్నా అంటే సారు ఊరుకోరు, మాలాగే సారూ అనేది. నువ్వు టీసీ కోసమొచ్చి సారుని తిట్టిన రోజు కూడా నా పక్కనే కూర్చుంది నాన్నా."