పేరులేని సమాధి

తెలంగాణ బంద్. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, అయినా కంపెనీకి పని ఆగొద్దట. చీకటి పడ్డా మాదాపూర్ ఆఫీసుల శ్రీలత ఒక్కతే కూసోని కంప్యూటర్ల చైనా దేశపు హార్బిన్ నగరం ఫొటోలు శుభ్రం చేస్తున్నది. అక్కడి యూదుల పాత ప్రార్థనా మందిరం, దాని గుమ్మటం అయిపోయినయి. ఇగ వాళ్ల సమాధులు. వాటి మీది గులకరాళ్లను చెత్త అనుకొని తుడిచేసింది.

పంపిన ఫొటో చూసి టీం లీడర్ అవినాష్ ఇంటి నుంచి ఫోన్ చేసిండు. "అయ్యో, అవి చెత్త కాదండీ! చనిపోయినవాళ్లను చూడటానికొచ్చి, పువ్వుకు బదులు రాయి పెడతారు."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా సార్?"

అసలు ఫొటో మళ్లీ తెరిచింది. చివరి వరుసల ఇందాక లేని సమాధి ఒకటి ఉన్నది. దానికి పేరు లేదు. మీద గులాబీ రంగు పూసిన రాయి ఒక్కటే ఉన్నది.

పొద్దున ర్యాలీకి పోతూ తమ్ముడు స్వామి అసొంటి రాయే జేబుల ఏసుకున్నడు. "గదెందుకురా?" అంటే, "పోలీసోళ్లకు కానుక అక్కా" అని నవ్విండు. మధ్యాహ్నం నుంచి ఫోన్ ఎత్తుతలేడు.

ఇప్పుడు ఫోన్ మోగింది. స్వామి నంబరే.

"స్వామీ, యాడున్నవ్‌రా?"

అటు నుంచి రాయి మీద రాయి మెల్లగ పెట్టిన చప్పుడు మాత్రం వినబడ్డది.