దసరా దండ

“నీ డంపర్ ఎందుకు పడలేదు నరేశూ? మంటొస్తె దానంతటదే పడి గాలి గొట్టం మూస్తదంటివి గద. గా మిషన్ నడిపే లింగస్వామి చేతులు కాలి దవాఖానల ఉన్నడు.”

నార్కట్‌పల్లి పత్తి మిల్లు మేనేజరు దశరథం కింద నుంచి అడిగాడు. ఆ డంపర్ తయారుచేసి బిగించిన నరేశ్ నిచ్చెన మీద ఉన్నాడు. నిచ్చెన పట్టుకున్నది అతని తల్లి అండాలు. ఆమె ఆ మిల్లులోనే ఊడుస్తుంది.

మూతను పైకి పట్టి ఉంచే బిళ్ల వేడికి కరగాలి; అది కరిగే ఉంది. ఇనుప మూత మాత్రం పడలేదు. మూత పిడిని గొట్టానికి బిగించి ఒక తీగ కట్టి ఉంది. తీగకు మాడిన బంతిపూల తొడిమలున్నాయి.

దసరానాడు తల్లి ఫోన్లో మురిసింది. “అన్ని మిషన్లకు దండలు దారంతోని కట్టిన. నువ్వు చేసినదానికి తెగకుండ తీగతోని కట్టిన బిడ్డా.”

నరేశ్ తీగ విప్పి జేబులో వేసుకున్నాడు.

“నా లెక్క తప్పింది సార్.”

“మంచిగనే చదివినవ్,” అని ఎత్తిపొడిచి దశరథం వెళ్లిపోయాడు.

అండాలు నిచ్చెన వదల్లేదు.

“జేబుల ఏమేసుకున్నవ్?”

“ఏం లేదమ్మా.”

“నా దండ తీగేనా?”

నరేశ్ కిందికి దిగి, తల వంచుకుని అన్నాడు.

“తప్పు నాదే. పిడిని చెయ్యి తగిలే జాగల పెట్టిన. కొత్తదాని పిడి మీద డబ్బా బిగిస్త. నీ దండకు పక్కన కొక్కెం పెడ్త.”

“కొక్కెం సంగతి తర్వాత. ముందు దవాఖానకు పోదాం పా. లింగస్వామికి నేనే చెప్త.”

తీగ కోసం అండాలు చెయ్యి చాచింది.